బాగుచేసే చేతులు
(అనుభవ వ్యాసం)

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
– ఒక పనికి తగిన పనిముట్టును ఎంచుకొనేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలను చెప్పగలుగుతారు.
– ప్రోగ్రామింగు భాష, ఫ్రేమ్‌వర్కు, ఓపెన్ సోర్సు అనే మాటలను సొంత మాటల్లో వివరించగలుగుతారు.
– వేరువేరు వాదాలను పక్కపక్కన పెట్టి, నిర్ణయానికి గల కారణాలను రాయగలుగుతారు.

చదవడానికి ముందు

ఈ పాఠం కంప్యూటరు పనికి సంబంధించినది. అయినా కంప్యూటరును ఎన్నడూ ముట్టుకోనివారు కూడా దీన్ని చదివి అర్థం చేసుకోవచ్చు. కొత్త మాట వచ్చిన చోట దాని అర్థం పక్కనే ఉంది. మీరు కుట్టుమిషను కొన్నా, వల కొన్నా, మోటారు కొన్నా ఇలాంటి ప్రశ్నలే ఎదురవుతాయి. ఆ సంగతిని మనసులో ఉంచుకొని చదవండి.

1. చాతం, మా చదువు గది

చాతం ఒక చిన్న దీవి. అండమాన్ నికోబార్ దీవుల రాజధానిని ఆనుకొని ఉంటుంది. ఒక వంతెన రెండింటినీ కలుపుతుంది. ఆ రాజధానిని చాలాకాలం పోర్ట్ బ్లెయిర్ అన్నారు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. 1789లో ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ తన తొలి స్థావరాన్ని చాతం మీదే వేశాడు. 1883లో ఇక్కడ రంపపు మిల్లు వెలసింది. ఆసియాలోని అతి పాత రంపపు మిల్లుల్లో అది ఒకటి. ఎర్రని పడౌక్ కలప పేరు చెబితే ఈ మిల్లు గుర్తుకు రావలసిందే.

మా నాన్న శ్రీకాకుళం జిల్లా సముద్రతీర గ్రామం నుంచి విశాఖపట్నంలో ఓడ ఎక్కి ఇక్కడికి వచ్చాడు. దుంగలు మోసే పనిలో చేరాడు. అలా వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తరవాత నాలుగో స్థానం మనది. చేపల వేట, కూలి పని, చిన్న వ్యాపారం, సర్కారు కొలువు – ఇలా ఎవరి బతుకు వారిది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చదవడం, రాయడం మాత్రం చాలామందికి మధ్యలోనే ఆగిపోయింది.

అటువంటివారి కోసం వంతెనకు దగ్గరలో సాయంకాలం ఒక చదువు గది నడుపుతున్నాం. గదిలో ఏడు వందల పైచిలుకు పుస్తకాలు ఉన్నాయి. సార్వత్రిక పాఠశాల పద్ధతిలో పదో తరగతి పరీక్షకు కూర్చొనేవారు వచ్చి చదువుకుంటారు. ఎవరు ఏ పుస్తకం తీసుకువెళ్లారు, ఎవరు ఏ పాఠం వరకు వచ్చారు, అభ్యాసాల్లో ఎన్ని మార్కులు వచ్చాయి – ఈ వివరాలన్నీ రాసిపెట్టడం నా పని. పగలు ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను. సాయంత్రం ఇక్కడ మాస్టారిని.

మొదట్లో ఇవన్నీ పెద్ద పుస్తకంలో రాసేవాళ్లం. ఇక్కడ ఏడాదిలో సగానికి పైగా వాన. కాగితం చెమ్మకు ఉబ్బి సిరా అలుక్కుపోయేది. ఆ బాధ చూడలేక, మా గదికి వస్తూపోతూ ఉండే ఒక యువకుడు కంప్యూటరులో పనిచేసే పట్టికను తయారుచేసి ఇచ్చాడు. పైసా తీసుకోలేదు. ఆ రోజుల్లో అందరూ మెచ్చుకుంటున్న కొత్త పద్ధతిలో చేశాడు. రెండేళ్లు చక్కగా నడిచింది. తరవాత అతనికి మెయిన్‌లాండులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. మరి కొన్ని నెలలకు మా కంప్యూటరును మార్చవలసి వచ్చింది. కొత్త కంప్యూటరులో ఆ పట్టిక తెరుచుకోలేదు. అతను ఫోనులో ఎంతో ఓపికగా చెప్పాడు. కాని అతను చెప్పేది అర్థం చేసుకొనేవారు ఇక్కడ ఒక్కరూ లేకపోయారు.

మా గదిలో చదివే ఒక ఆవిడ ఉంది. తెల్లవారుజామున చేపల గంప ఎత్తుకుంటుంది. సాయంత్రం పుస్తకం పడుతుంది. తెలుగు, గణితం, సామాన్యశాస్త్రం మూడింటిలోనూ ఆవిడ చేసిన అభ్యాసాల మార్కులు ఆ పట్టికలోనే ఉండిపోయాయి. ఎక్కడ తడబడుతోందో, ఏ పాఠం మళ్లీ చదవాలో చెప్పే లెక్క అది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. మేం కొత్త పట్టిక చేస్తున్నామని తెలిసి ఆవిడ ఒకే ఒక ప్రశ్న వేసింది.

“ఈపాలి పాడైతే ఎవులు బాగుచేస్తారు మాస్టారూ?”

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబు.

2. కొన్ని మాటలు తెలుసుకుందాం

కంప్యూటరుకు మనం చేయవలసిన పనిని వరసగా రాసి ఇవ్వాలి. అలా రాసినదాన్ని ప్రోగ్రాము అంటారు. రాయడానికి వాడే భాష ప్రోగ్రామింగు భాష. మనుషుల భాషలు ఎన్నో ఉన్నట్టే ఇవీ ఎన్నో ఉన్నాయి.

ఫ్రేమ్‌వర్కు అంటే ఏమిటి? మిల్లులో దుంగను పలకలుగా కోసి ఇస్తారు. ఆ పలకలతో మీరు కిటికీని మొదటినుంచి చేసుకోవచ్చు. లేదా వడ్రంగి ముందే బిగించి ఉంచిన చట్రాన్ని తెచ్చి గోడలో నిలబెట్టవచ్చు. చట్రం తెస్తే పని తొందరగా అవుతుంది. మూలలు సరిగా కలుస్తాయి. కాని కిటికీ కొలత ఇక చట్రం కొలతే. ఫ్రేమ్‌వర్కు కూడా అలాంటి చట్రమే. ఏ వెబ్ పట్టికకైనా కావలసిన పనులు – పేరు అడిగి లోపలికి రానివ్వడం, వివరాలు దాచడం, వెతకడం – అందులో ముందే బిగించి ఉంటాయి.

ఓపెన్ సోర్సు అంటే ప్రోగ్రాము లోపలి రాతను అందరికీ చూపించి, వాడుకొనే, మార్చుకొనే, పంచుకొనే హక్కును లైసెన్సు ద్వారా ఇవ్వడం. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కోసం గ్నూ అనే పనిని ప్రకటించాడు. ఓపెన్ సోర్సు అనే మాట 1998లో వాడుకలోకి వచ్చింది. 

దీనివల్ల మనకేం లాభం? తెలుగువాళ్ల మధ్యే ఒక ఉదాహరణ ఉంది. పూర్వం తెలుగు వెబ్ పత్రికలు ఒక్కొక్కటి ఒక్కొక్క ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేకపోతే అక్షరాలు కనబడేవి కావు. ఆ రాతను అందరికీ పనికివచ్చే యూనికోడులోకి మార్చడానికి వెన్న నాగార్జున పద్మ అనే ఉపకరణాన్ని చేశారు. తెలుగు వికీపీడియాకు 2003లో శ్రీకారం చుట్టినదీ ఆయనే. పద్మ రాత బహిరంగంగా ఉంది. దాన్ని ఆధారం చేసుకొని వీవెన్ 2006లో లేఖినిని తయారుచేశారు. ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు అక్షరాలు వచ్చే పేజీ అది. ఎంతోమంది మొదటిసారి కంప్యూటరులో తెలుగు రాసింది దానితోనే. ఒకరు తలుపు తెరిచి ఉంచారు కనుక మరొకరు లోపలికి వచ్చి ఇంకొక గది కట్టగలిగారు.

లేఖినిని జావాస్క్రిప్టులో రాశారు. ఎందుకని? మీట నొక్కగానే అక్షరం కనబడాలి. ప్రతి నొక్కుకూ దూరాన ఉన్న సర్వరును అడిగి జవాబు తెచ్చుకుంటే, అప్పటి నెమ్మది నెట్టుతో ఒక వాక్యం రాయడానికి పూట గడిచేది. బ్రౌజరు తానుగా అర్థం చేసుకొనే భాష జావాస్క్రిప్టు. కాబట్టి పని అంతా చదువరి కంప్యూటరులోనే జరిగిపోతుంది. పని స్వభావాన్ని బట్టి భాష కుదిరింది. ఇది గమనించదగిన విషయం.

మీరు గ్రహించారా?
(అ) పాత పట్టిక ఆగిపోయినప్పుడు ఫోనులో చెప్పిన సలహా ఎందుకు పనికిరాలేదు?
(ఆ) లేఖినికి జావాస్క్రిప్టు ఎందుకు తగినది?

3. ముగ్గురు, మూడు భాషలు

2025 వేసవిలో మేం ముగ్గురం కూర్చున్నాం. పాలిటెక్నిక్ చదివిన ఒక అమ్మాయి, కాలేజీలో చదువుతున్న ఒక కుర్రవాడు, నేను. ముగ్గురికీ తలా ఒక భాష వచ్చు. ఎవరికి వచ్చిన భాష మీద వారికి మమకారం ఉండడం సహజం. అందుకని ముందే ఒక నియమం పెట్టుకున్నాం. “నాకిది వచ్చు” అనేది ఒక కారణమే, కాని ఒక్కటే కారణం కాకూడదు.

అమ్మాయి పి.హెచ్.పి. వైపు మాట్లాడింది. రాస్మస్ లెర్‌డార్ఫ్ మొదలుపెట్టిన ఈ భాష 1995లో బయటికి వచ్చింది. “వికీపీడియా నడిచే మీడియావికీ దీనితో రాసిందే మాస్టారూ. అంత పెద్ద గ్రంథాలయం నడుస్తుంటే మన ఏడు వందల పుస్తకాలు ఒక లెక్కా? ఎంత చౌక సర్వరులోనైనా ఇది ఉంటుంది. పైగా నేను వారంలో చేసి ఇస్తాను” అంది.

కుర్రవాడు జావాస్క్రిప్టు అన్నాడు. బ్రెండన్ ఐక్ 1995లో పది రోజుల్లో దీని మొదటి రూపాన్ని తయారుచేశాడని చెబుతారు. చాలాకాలం బ్రౌజరులోనే వాడారు. 2009లో నోడ్ వచ్చాక సర్వరు మీద కూడా విరివిగా వాడడం మొదలైంది. 2013లో ఫేస్‌బుక్ సంస్థ రియాక్ట్ అనే ఉపకరణాన్ని అందరికీ విడుదల చేసింది. “అటు సర్వరుకూ ఇటు ఫోనుకూ ఒకటే భాష. నెట్టు లేకపోయినా ఫోనులో రాసి పెట్టుకొని, దొరికినప్పుడు పంపించుకోవచ్చు. వేటకు వెళ్లేవాళ్లకు అది అవసరం కదండీ” అన్నాడు. ఆ మాటలో బలం ఉంది.

నేను పైథాన్ గురించి చెప్పాను. గీడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన భాష ఇది. దీనికి జాంగో అనే ఫ్రేమ్‌వర్కు ఉంది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఒక వార్తాపత్రిక కార్యాలయంలో తమ పని కోసం చేసుకొని, 2005లో అందరికీ ఇచ్చారు. పత్రికా కార్యాలయంలో పుట్టింది కాబట్టి, ప్రోగ్రాము రాయని ఉద్యోగులు వివరాలు నింపడానికి తగిన పేజీలను అది తనంత తానే తయారుచేస్తుంది. పుస్తకం పేరు, రచయిత, తీసుకున్న తేదీ అని మనం చెబితే చాలు. నింపే పేజీ సిద్ధం. ఆ పేజీల మీద ఉండే మాటలకు తెలుగు అనువాదం కూడా జాంగోతో వస్తుంది.

అప్పుడు అమ్మాయి నన్ను నిలదీసింది. “పైథాన్ 2లో రాసినవాళ్ల గతి ఏమైంది మాస్టారూ?” అని అడిగింది. ఆమె అడగడం న్యాయమే. 2008లో పైథాన్ 3 వచ్చింది. పాత రాత కొత్తదానిలో యథాతథంగా నడవదు. 2020 జనవరి 1తో పాత పైథాన్‌కు మరమ్మతులు ఆగిపోయాయి. ఆ మధ్యకాలంలో లోకమంతా కూర్చొని పాత రాతలను మార్చుకోవలసి వచ్చింది. 

చట్రాల సంగతీ అంతే. 2010లో వచ్చిన ఆంగ్యులర్‌జేఎస్ ఎంతో పేరు పొందింది. 2016లో దాదాపు అదే పేరుతో వేరే చట్రం వచ్చింది. పాతదానికి 2022 జనవరి నాటికి మద్దతు ముగిసింది. జావాస్క్రిప్టులో ఇంకొక చిక్కు ఉంది. ఒక చిన్న పనికి ఒకరి పొట్లం, ఆ పొట్లానికి మరొకరి పొట్లం, ఇలా వందల పొట్లాల మీద మన ప్రోగ్రాము నిలబడుతుంది. 2016 మార్చిలో పదకొండు వరసల పొట్లం ఒకదాన్ని దాని రచయిత ఉపసంహరించుకుంటే, ప్రపంచంలో ఎన్నో ప్రోగ్రాముల తయారీ కొన్ని గంటలపాటు నిలిచిపోయింది. దాని పేరు లెఫ్ట్‌పాడ్. వరస ఎడమవైపు ఖాళీలు నింపడమే అది చేసే పని!

కాబట్టి ఏ భాషకూ మచ్చ లేకపోలేదు. మచ్చ లేనిదాని కోసం వెతకడం మానేసి, మా గదికి ఏ మచ్చ భరించదగినది అని చూడడం మొదలుపెట్టాం.

4. తెలుగు అక్షరాల పరీక్ష

మాది తెలుగు పట్టిక. అందుకని మూడు భాషలకూ ఒకే పరీక్ష పెట్టాం. “స్త్రీ” అనే మాటలో ఎన్ని అక్షరాలు అని అడిగాం. మనకు కనబడేది ఒకటి. పైథాన్ 6 అంది. జావాస్క్రిప్టు కూడా 6 అంది. పి.హెచ్.పి.లో మామూలు పద్ధతిలో అడిగితే 18 అంది.

ఎందుకిలా? యూనికోడులో ఈ మాటను స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి అని ఆరు ముక్కలుగా దాస్తారు. పైథాన్, జావాస్క్రిప్టు ఆ ముక్కలను లెక్కపెట్టాయి. కంప్యూటరులో ఒక్కొక్క తెలుగు ముక్కను దాచడానికి సాధారణంగా మూడు బైట్లు పడతాయి. పి.హెచ్.పి. బైట్లను లెక్కపెట్టింది. ఆరు మూళ్లు పద్దెనిమిది. “దానికి వేరే ఆదేశం ఉంది, అది వాడితే నాదీ ఆరే చెబుతుంది” అని అమ్మాయి వెంటనే చేసి చూపించింది. ఆమె మాట నిజం. కాని కొత్తగా నేర్చుకొనేవారు ఆ ఆదేశం మరచిపోతే, పొడవైన పుస్తకం పేరు అక్షరం మధ్యలో తెగి అర్థంలేని గుర్తులుగా కనబడుతుంది. పైథాన్ 3లో ఆ ప్రమాదం తక్కువ.

రెండో పరీక్ష వరస. కల, కవి, కళ అనే మూడు మాటలను అక్షరక్రమంలో పెట్టమన్నాం. మన వర్ణమాలలో ళ అక్షరం హ తరవాత వస్తుంది. కాబట్టి కల, కవి, కళ అని రావాలి. యూనికోడులో ళ అక్షరాన్ని ల పక్కనే పెట్టారు. అందుకని మూడు భాషలూ ఒకటే జవాబిచ్చాయి: కల, కళ, కవి. వర్ణమాల క్రమం కావాలంటే మనమే ఒక పట్టిక రాసి ఇవ్వాలి. ఏ భాషను ఎంచుకున్నా ఆ పని తప్పదు.

ఇక్కడ ఒక మెలకువ నేర్చుకోవచ్చు. ఎంపిక చేసేటప్పుడు ప్రతి ప్రశ్నా నిర్ణయానికి పనికిరాదు. అన్ని చోట్లా ఒకే జవాబు వచ్చే ప్రశ్నను పక్కన పెట్టాలి. లేకపోతే దానిమీదే గంటల తరబడి వాదించుకుంటాం. వరస ప్రశ్నను మేం అలా పక్కన పెట్టాం.

మీరు గ్రహించారా?
(అ) “స్త్రీ” అనే మాటకు 6, 18 అనే రెండు లెక్కలు ఎలా వచ్చాయి?
(ఆ) “చాతం” అనే మాటలో యూనికోడు ముక్కలు ఎన్ని? బైట్లు ఎన్ని? (జవాబు పాఠం చివర ఉంది.)

5. నెట్టు సంగతి

ఈ దీవులకు చాలాకాలం ఉపగ్రహం మీదుగానే నెట్టు వచ్చేది. ఖరీదు ఎక్కువ, వేగం తక్కువ. చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు వేశారు. 2020 ఆగస్టు 10న అది ప్రారంభమైంది. అప్పటినుంచి పరిస్థితి చాలా మెరుగుపడింది. అయినా గదిలో నాలుగు గోడల మధ్య వచ్చే వేగం పడవలో రాదు. మా చదువరుల చేతిలో ఉన్నవి ఎక్కువగా చౌకరకం ఫోన్లు.

రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి, సర్వరే పేజీని పూర్తిగా తయారుచేసి పంపడం. రెండు, మొదట పెద్ద ప్రోగ్రాము మూటను ఫోనుకు పంపి, పేజీని ఫోనులో తయారుచేయించడం. రెండోదానిలో మూట ఒకసారి వచ్చేస్తే తరవాత పని చురుకుగా సాగుతుంది. నెట్టు లేకుండా కూడా నడిచేలా చేయవచ్చు. కాని మూట వచ్చేదాకా తెర తెల్లగా ఉంటుంది. మొదటిదానిలో ప్రతిసారీ చిన్న పేజీ వస్తుంది. పాత ఫోను కూడా చూపించగలదు.

మా అవసరం ఏమిటి? పుస్తకం పేరు వెతకడం, తేదీ చూడడం, మార్కులు చూడడం. ఇవన్నీ చిన్న పేజీలు. రాసేది గదిలో ఒక్కరే. కాబట్టి మాకు మొదటి పద్ధతి చాలు. పి.హెచ్.పి., పైథాన్ రెండూ దానికి అలవాటైనవే. కుర్రవాడు చెప్పిన నెట్టు లేని సదుపాయాన్ని మేం వదులుకున్నాం. అది నిజమైన నష్టమే. వేటకు వెళ్లేవారు ఇప్పటికీ చిన్న నోటుబుక్కులో రాసుకొని వచ్చి చెబుతారు.

సర్వరు అద్దె ప్రశ్న కూడా వచ్చింది. పి.హెచ్.పి.కి చౌకలో దొరుకుతుందన్న మాట సరైనదే. కాని మేం గదిలోని కంప్యూటరునే సర్వరుగా వాడదలచుకున్నాం. వివరాలన్నీ ఎస్‌క్యూలైట్ పద్ధతిలో ఒకే ఫైలులో ఉంటాయి. శనివారం సాయంత్రం ఆ ఫైలును రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, ఇద్దరు తమ ఇళ్లకు పట్టుకువెళతారు. అద్దె లేనప్పుడు అద్దె చౌక అనే వాదం తేలిపోయింది.

6. నిర్ణయం

ఇక మిగిలింది ఆవిడ వేసిన ప్రశ్న. పాడైతే ఎవరు బాగుచేస్తారు?

మేం ముగ్గురమూ శాశ్వతం కాదు. అమ్మాయికి మెయిన్‌లాండులో ఉద్యోగం రావచ్చు. కుర్రవాడు పై చదువుకు ఓడ ఎక్కుతాడు. నాకు వయసు మీద పడుతోంది. దీవుల్లో ఇది అందరికీ అనుభవమే: ఎవరికైనా చదువు ముదిరితే ముందు కొనేది టిక్కెట్టు. అలాంటప్పుడు మా ముగ్గురిలో ఎవరికి ఏది బాగా వచ్చు అని కాదు, ఏటేటా ఈ వంతెన దగ్గరికి వచ్చే కొత్త పిల్లలకు ఏది వచ్చి ఉంటుంది అని చూడాలి.

అమ్మాయే ఆ సంగతి ఎత్తింది. ఇక్కడి పాఠశాలలు సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమాన్ని అనుసరిస్తాయి. 11, 12 తరగతుల్లో కంప్యూటర్ సైన్సు తీసుకున్న పిల్లలకు పైథాన్ నేర్పుతున్నారు. “మా తమ్ముడి పుస్తకంలో ఉన్నది అదే మాస్టారూ. వాడికి నా పి.హెచ్.పి. ఒక్క ముక్క రాదు. వాడు చదవగలిగేదే పెట్టండి” అంది.

వారంలో చేసి ఇస్తానన్న అమ్మాయి ఆ మాట అన్నది. తనకు చేతనైనదాన్ని పక్కన పెట్టి, తమ్ముడికి చేతనయ్యేదాన్ని ముందుకు తోసింది. నేను పైథాన్ తరఫున చెప్పిన వాదాలన్నిటికన్నా ఆ మాటకు బరువు ఎక్కువ. కుర్రవాడు కాసేపు ఆలోచించి, “అయితే జాంగోయే. పేజీలు మాత్రం తేలికగా ఉంచుదాం” అన్నాడు.

పైథాన్, జాంగో. జావాస్క్రిప్టు అవసరమైన చోట నాలుగు వరసలు. ఇదీ నిర్ణయం.

లైసెన్సు విషయంలో తగవు రాలేదు. 2007లో వచ్చిన గ్నూ ఏజీపీఎల్ మూడో కూర్పును తీసుకున్నాం. దాని సారం ఇది: ఈ ప్రోగ్రామును ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చి నెట్టు మీద నలుగురికీ అందిస్తే, మార్చిన రాతను కూడా ఆ నలుగురికీ చూపాలి. రంగత్, మాయాబందర్, హట్‌బే వంటి చోట్ల కూడా తెలుగువాళ్లు ఉన్నారు. అక్కడివాళ్లు తమ గదికి తగినట్టు మార్చుకొంటే, ఆ మార్పు మాకూ ఉపయోగపడవచ్చు.

7. ఆ తరవాత

పని వారంలో కాలేదు. మూడు నెలలు పట్టింది. అమ్మాయికి పైథాన్ కొత్త. ఆ రోజుల్లో ఆమె, “ఈపాటికి నా పద్ధతిలో అయితే రెండుసార్లు అయిపోయేది” అని నవ్వుతూ అన్నా, అందులో కొంత ఉసూరుమనడం ఉంది. నేర్చుకొనే ఖర్చు అలాంటిది. దాన్ని ముందుగానే లెక్కలో వేసుకోవాలి. వర్ణమాల వరస కోసం కుర్రవాడు పట్టిక రాశాడు. ఇప్పుడు కవి తరవాతే కళ వస్తుంది.

ప్రోగ్రాముతో పాటు ఒక నోటుబుక్కు రాశాం. కంప్యూటరు మారితే ఏం చేయాలి, పెన్‌డ్రైవు నుంచి వివరాలు ఎలా తేవాలి, ఏ ఫైలులో ఏముంది – అన్నీ తెలుగులో, చేతిరాతతో ఉన్నాయి. అది కంప్యూటరు పక్కనే ప్లాస్టిక్ కవరులో వేలాడుతుంది. దాన్ని పరీక్షించడానికి ఒక ఆదివారం ఇంకొక పాత కంప్యూటరు తెచ్చాం. మేం ముగ్గురం చేతులు కట్టుకొని పక్కన కూర్చున్నాం. పన్నెండో తరగతి పిల్లలు ఇద్దరు నోటుబుక్కు చూస్తూ పట్టికను మొదటినుంచి నిలబెట్టారు. మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకు తెర వెలిగింది. రెండు చోట్ల వాళ్లు ఆగిపోయారు. ఆ రెండు చోట్లా నోటుబుక్కులో ఇంకో వాక్యం చేర్చాం.

చేపల గంప ఆవిడ మార్కులను పాత కంప్యూటరు నుంచి అతికష్టం మీద బయటికి తీసి కొత్త పట్టికలో ఎక్కించాం. కొన్ని దొరకలేదు. దొరకనివాటిని ఆవిడ మళ్లీ రాసింది. ఆవిడ వేసిన ప్రశ్నకు నేనిప్పుడు పేర్లతో జవాబు చెప్పగలను. ఇద్దరు పిల్లలు బాగుచేస్తారు. వాళ్లు వెళ్లిపోతే వచ్చే ఏడాది పిల్లలు బాగుచేస్తారు. వాళ్లను వెతికి పట్టుకోవడం నా పని.

ఒక బాధ్యత ఇంకా మిగిలి ఉంది. మేం వాడుతున్నది 2025 ఏప్రిల్‌లో వచ్చిన జాంగో 5.2. దీర్ఘకాలం మద్దతు ఇస్తామని దాని తయారీదారులు చెప్పిన కూర్పు అది. ఆ మద్దతు 2028 ఏప్రిల్‌తో ముగుస్తుంది. అప్పటికి మేం కొత్త కూర్పుకు మారి తీరాలి. ఏ పనిముట్టును తెచ్చుకున్నా దాని గడువును కూడా తెచ్చుకున్నట్టే. ఆ నెల, సంవత్సరం ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, నోటుబుక్కు వేలాడే మేకుకే తగిలించాం.

పదాలు – అర్థాలు

పనిముట్టు = పని చేయడానికి వాడే సాధనం
చట్రం = నాలుగు వైపులా బిగించిన ఆధారం
ఉపసంహరించు = ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకొను
యథాతథంగా = ఉన్నది ఉన్నట్టుగా
మమకారం = నాది అనే ప్రేమ
కూర్పు = ఒక రచన లేదా ప్రోగ్రాము వెలువడిన రూపం
మెలకువ = పనిలో నేర్పు, సూక్ష్మం

అభ్యాసం

I. ఒకటి రెండు వాక్యాల్లో జవాబులు రాయండి.
1. ఫ్రేమ్‌వర్కును కిటికీ చట్రంతో ఎందుకు పోల్చారు?
2. అక్షరక్రమం ప్రశ్నను ఎందుకు పక్కన పెట్టారు?
3. నోటుబుక్కును ఎలా పరీక్షించారు?

II. పది వాక్యాల్లో రాయండి.
1. పాలిటెక్నిక్ అమ్మాయి వాదం మొదట ఏమిటి? చివర ఏమిటి? ఆ మార్పుకు కారణం రాయండి.
2. ఈ నిర్ణయం వల్ల కలిగిన లాభాలు ఏవి? నష్టాలు ఏవి?

III. మీరే చేయండి.
మీ ఇంట్లో లేదా మీ పనిచోట ఉన్న ఒక యంత్రాన్ని తీసుకోండి. అది పాడైతే మీ ఊళ్లో ఎవరు బాగుచేయగలరు? విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? ఇంకా ఎన్నేళ్లు దొరుకుతాయి? విచారించి ఒక పేజీ రాయండి.

జవాబు: “చాతం” – చ, దీర్ఘం, త, సున్న: 4 ముక్కలు, 12 బైట్లు.